నెల్లూరు కోటమిట్ట పటం పని: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నిబంధన ఉంది కాబట్టి ఏటా నివేదిక చదువుతాం. ఈసారి మాత్రం చెప్పుకోదగ్గ పని జరిగింది, అందుకే కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

1757 నాటి నెల్లూరు ముట్టడి కాగితాలు, పటాలు సేకరించాలని కిందటి సమావేశంలో తీర్మానించాం. ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ 1749లో ఆంబూరు దగ్గర చనిపోయాక ఆయన కొడుకుల తగవు మన ఊరిదాకా వచ్చింది. తర్వాత నవాబైన మహమ్మదలీ మీద నెల్లూరు ఏలుతున్న సోదరుడు నజీబుల్లా తిరగబడ్డాడు. నవాబు తరఫున ఈస్టిండియా కుంపిణీ కర్నల్ ఫోర్డ్ ఫిరంగులతో వచ్చి, గోడకు గండి పెట్టి కూడా లోపలికి రాలేకపోయాడు. ఫ్రెంచివాళ్లు కదిలారని మద్రాసు నుంచి కబురు రాగానే వెళ్లిపోయాడు. తర్వాత చందుర్తిలోనూ మచిలీపట్నంలోనూ గెలిచింది ఈయనే. మన మట్టిగోడ దగ్గర మాత్రం ఆయన ఎత్తు పారలేదు.

ఇద్దరు సభ్యులు సొంత ఖర్చుతో చెన్నై వెళ్లి, ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో రెండు రోజులు కూర్చుని నకళ్లు రాసుకొచ్చారు. ఇవన్నీ గోడ బయటివాళ్లు రాసుకున్నవే. లోపలివాళ్ల మాట ఒక్కటీ మనకు చిక్కలేదు.

కుంపిణీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్రలో ఈ కోట వర్ణన ఉంది. తూర్పు పడమరలు 1,200 గజాలు, గోడలు మట్టివి. తుపాకులు పెట్టే రంధ్రాల కోసం కాల్చిన మట్టి గొట్టాలను గోడ పచ్చిగా ఉన్నప్పుడే అమర్చేవారట. చదివి వదిలేయకుండా చేసి చూశాం. కుమ్మరి పెద్దాయన గొట్టాలు చేసిచ్చారు. మొదటి గోడ ఆరేసరికి నిలువునా బీటలిచ్చింది. "మట్టి తొక్కింది చాల్లేదు సామీ, ఇంకో రెండు రోజులు నానాల" అన్నారాయన. రెండోది నిలిచింది. ప్రదర్శన రోజు పిల్లలు పటాల వైపు చూడలేదు, గొట్టంలో కన్నుపెట్టి అవతలివాళ్ల మీద "ఢాం" అంటూ గంటసేపు కదల్లేదు. కుమ్మరి పెద్దాయనకూ, మట్టి తోలిన ట్రాక్టరు డ్రైవరుకూ, హాలు ఇచ్చిన దాతకూ, మజ్జిగ పంచిన మహిళా సభ్యులకూ పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, చూసుకోవచ్చు. కొద్దిగా లోటు ఉంది. చందాలు వస్తే తీరుతుంది.

కోట హద్దులు పాత వివరాలతో సరిచూడటానికి కొలతల పటం కావాలని ఒక కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టాం. "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అన్నదే ఇప్పటిదాకా వచ్చిన జవాబు. వాళ్లను అని లాభం లేదు. కొలతల ఆదివారానికి వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవారు ఇరవై ఆరుగురు, కోటమిట్టకు వచ్చింది నలుగురం. అందులో ఒకరు టిఫిన్ అయ్యాక మళ్లీ కనపడలేదు. టేపు రెండో కొస నేనే పట్టుకోవాల్సి వచ్చింది.

తూర్పు వైపు గీత వేశాం. పెన్న వైపు మిగిలి ఉంది. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి మొదలు. వచ్చేవాళ్లు దయచేసి ఫోన్ చేసి చెప్పండి, బొటనవేళ్లు వద్దు.