పొడి గురించి చెబితే పగిలిన అద్దం అని రాసుకున్నారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ దగ్గర కొన్న, గాజును అరగదీసే పొడి గురించి ఇది నా ఐదో మెయిల్. ముందు పంపిన నాలుగింటికీ జవాబు రాలేదు కాబట్టి ఈసారి జరిగిందంతా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

మా నాన్న స్టూడియోలో వాడిన ఫుల్ ప్లేట్ ఫీల్డ్ కెమెరా, అంటే పాతకాలపు పెద్ద చెక్క కెమెరా ఒకటి నా దగ్గరుంది, కేరళలోని అలెప్పీలో చేసిన వాగీశ్వరి కంపెనీది. దాని గ్రౌండ్ గ్లాస్, అంటే నల్లగుడ్డ కప్పుకుని బొమ్మను తలకిందులుగా చూసుకునే అద్దం, పగిలింది. ఆ సైజుది నాకెక్కడా దొరకలేదు, అందుకే నేనే చేసుకుంటున్నాను. గాజు పలక మీద 600 గ్రిట్ (అంటే బాగా మెత్తటి రకం) అల్యూమినియం ఆక్సైడ్ పౌడర్, కాసిని నీళ్లు వేసి, పైన చిన్న గాజుముక్క పెట్టి ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పుతూ అరగదీయాలి. మీ ప్యాకెట్ పొడితో మొదలుపెట్టగానే కర్రుమంది, పలక పొడవునా గీతలు పడ్డాయి. రెండో పలకా అంతే. 600 పొడిలో ముతక పొడి కలిసింది. పోనీ, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, ఫోన్ చేస్తే మారుస్తారులే అనుకున్నాను.

తెలుగుకి 2 నొక్కమంటే నొక్కాను, అరగంట పాట విన్నాక హిందీలో మాట్లాడారు. నాకొచ్చిన హిందీలో మొత్తం చెప్పాను. ఆయన ‘పగిలిన అద్దం’ అని రాసుకున్నారు. మర్నాడు ఇంకొకావిడ ఫోన్ చేసి మేము అద్దాలు అమ్మం కదండీ, కొరియర్ వాళ్లని అడగండి అన్నారు. అద్దం కాదమ్మా, పొడి అని చెబుతుండగానే ఫోన్ పెట్టేశారు. మూడో ఆయన ప్యాకెట్ విప్పుతున్నప్పటి వీడియో అడిగారు. గాజు మీద రుద్దితేగానీ తెలియని లోపం వీడియోలో ఎలా కనిపిస్తుందండీ? ఆ సాయంత్రమే ‘మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి’ అని మెసేజ్ వచ్చింది. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. నన్నొక్క మాట అడక్కుండా ఎవరు పరిష్కరించారు, ఏం పరిష్కరించారు?

ఆరేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. తెలిసిన ఫొటోగ్రాఫర్లకూ మీ పేరే చెప్పాను. పొడి కన్నా, నేను చెప్పేది ఒక్కరూ పూర్తిగా వినకపోవడమే బాధగా ఉంది. పౌడర్ గురించి తెలిసిన మనిషి ఒకరు నాతో మాట్లాడాలి. మంచి ప్యాకెట్ పంపుతారో, డబ్బు తిరిగిస్తారో, పాడైన పలకల సంగతేమిటో ఆ తర్వాత చూద్దాం.

వారం చూస్తాను. ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు కూడా లేదు. గీతలు పడ్డ రెండు పలకలూ, మిగిలిన పొడీ అలాగే దాచి ఉంచాను.

ఇట్లు,
తెనాలి నుంచి మీ పాత కస్టమర్