కెమెరాల బీమా గురించి, దయచేసి చదవండి

అందరికీ నమస్కారం. పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, ఒక్క మాట. మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఫొటోగ్రాఫర్లు చాలామంది "ఇంటికి బీమా ఉందిగా, కెమెరా కూడా అందులోకే వస్తుంది" అంటున్నారు. అది సగమే నిజం.

2021 నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ అగ్నిప్రమాదం, తుపాను, వరద లాంటివాటికి పనికొస్తుంది. 2018లో తిత్లీ తుపానును చూసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. కానీ మామూలు దొంగతనం అందులో లేదు. తుపాను లాంటిది వచ్చి, దానివల్ల 7 రోజుల్లోపు దొంగతనం జరిగితేనే వర్తిస్తుంది.

బయటికి తీసుకెళ్లే కెమెరాకు ఆల్ రిస్క్ కవర్ (దొంగతనం, అనుకోకుండా జరిగే నష్టం లాంటివాటికీ వర్తించే బీమా) విడిగా అడగండి. బాడీ, ప్రతి లెన్సూ సీరియల్ నంబరుతో రాయించండి. డబ్బులు తీసుకుని షూట్ చేసేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి, దాస్తే క్లెయిమ్ దగ్గర అదే అడ్డం పడుతుంది. మహేంద్రగిరి వెళ్లినప్పుడు బ్యాగు కారులో వదిలేసే అలవాటు ఉంటే, మనిషి లేని బండిలో పోయినవాటి గురించి పాలసీలో ఏం రాశారో చూసుకోండి. లెన్స్‌కు ఫంగస్ పడితే మాత్రం సాధారణంగా ఏ పాలసీ ఇవ్వదు.

రైల్లో కెమెరా పోతే వెంటనే జీఆర్‌పీలో (రైల్వే పోలీసుల దగ్గర) ఎఫ్‌ఐఆర్ పెట్టి, బీమా కంపెనీకీ చెప్పండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో జవాబు రాకపోతే భువనేశ్వర్‌లో బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) ఉన్నారు, ఫీజు లేదు.

ఈ ఆదివారంలోగా బిల్లులు, సీరియల్ నంబర్లు ఫొటో తీసి మెయిల్‌లో దాచుకోండి. పాలసీ అర్థం కాకపోతే నాకు పంపండి, కలిసి చదువుదాం.