గోడ పగుళ్లు ఒకసారి చూసుకోండి

అందరికీ నమస్కారం. మన కాలనీ అంతా నల్లరేగడి నేల, వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయే మట్టి, అందుకే ఈ మెసేజ్ పెడుతున్నా. మా వెనక గది తలుపు వానాకాలంలో పట్టేస్తుంటే చెక్క ఉబ్బిందనుకుని చిత్రిక పట్టించాం. ఎండాకాలం వచ్చినా అదే తంతు. అప్పుడు గానీ కనిపించలేదు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పైకి పాకిన పగులు, కింద సన్నగా ఉండి పైకి వెళ్లేకొద్దీ రూపాయి బిళ్ల దూరేంత వెడల్పు. తీరా చూస్తే వంటింటి నీళ్ల పైపు లీకై నీరంతా పునాది పక్కనే ఇంకుతోంది.

ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత గీతలకి టెన్షన్ వద్దు. కానీ తలుపులు, కిటికీల మూలల్లో ఏటవాలు పగుళ్లు, గోడకీ గచ్చుకీ మధ్య సందు, ఒకవైపు కుంగిన టైల్స్ కనిపిస్తే మాత్రం వదిలేయకండి. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి పక్కనే తేదీ రాయండి, నెల తర్వాత అది గీత దాటి ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిపించండి. దయచేసి ముందే లప్పం పెట్టి రంగు వేయించకండి, పగులు కనపడదు గానీ కింద పునాది కుంగడం ఆగదు. గోడ పక్కన వాన నీళ్లు నిలుస్తున్నాయా అన్నది ఇవాళే చూడండి.