ఏసీ గార్డ్స్‌లో ‘ఏ’ అంటే ఏమిటో ఒక్క బోర్డు రాయించండి మంత్రిగారూ

తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారమండీ. నేను మాసాబ్ ట్యాంక్ దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్న నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని తిప్పే రోజుల్లో ‘ఏసీ గార్డ్స్’ అన్న బోర్డు చూసి, ఏసీ మిషన్లు రిపేర్ చేసేవాళ్ళంతా అక్కడే ఉంటారనుకునేవాణ్ణి. నవ్వకండి, మొన్న క్యాబ్ ఎక్కి డ్రైవర్ని అడిగితే, "ఎవరో అసిస్టెంట్ కమిషనర్ ఉండెనేమో సార్, ఆయన గార్డులు" అన్నాడు. తప్పు అతనిది కాదు. బోర్డు మీద రెండక్షరాలే ఉంటే మనిషి తనకు తోచింది అనుకుంటాడు.

ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికా మనుషుల గుర్రపు పల్టన్. వాళ్ళ క్వార్టర్లున్న చోటే ఈ బస్తీ. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, మీ సచివాలయం నుంచి బయల్దేరితే ట్రాఫిక్‌లో కూడా అరగంట పట్టదు. వాళ్ళను సిద్దీలంటాం, హబ్షీలంటాం. అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు వాళ్ళకు అరబ్బులు పెట్టిన పేరు హబ్షీ. హబ్సిగూడ పేరు కూడా అందులోంచే వచ్చిందంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర సిద్ది అంబర్ బజార్ ఉండనే ఉంది. ఊరి నిండా పేర్లున్నాయి, ఆ పేర్ల వెనక మనుషులు మాత్రం ఎవరికీ కనపడరు.

మా క్లాసులో మూడో బెంచీలో ఒక సిద్ది కుర్రాడు ఉండేవాడు, ఇప్పటికీ నా దోస్తు. ఏడో తరగతిలో సోషల్ సారు ఆఫ్రికా మ్యాపు తెచ్చి మేకుకు తగిలించగానే నలభై తలలు ఒక్కసారి మూడో బెంచీ వైపు తిరిగాయి. నాది కూడా తిరిగింది. సారు కూడా సరదాకే అన్నాడు, "ఇందులో మీదే ఊరురా?" అని. వాడు లేచి నిలబడి "ఏసీ గార్డ్స్ సార్" అన్నాడు. క్లాసంతా నవ్వు. వాడు చెప్పింది నిజమే కదా అని నాకు తోచడానికి చాలా ఏళ్ళు పట్టింది. సారు అడిగిన ప్రశ్నకు నిజంగా జవాబు చెప్పాలంటే వాడి దగ్గర ఏమీ లేదని తెలియడానికి ఇంకా ఎక్కువ పట్టింది. ఈమధ్య అడిగితే వాళ్ళ ముత్తాత పల్టన్‌లో ఉండేవాడని, ఆయన పేరు ఫలానా అని చెప్పాడు. ఆయన ఏ రేవులో ఓడెక్కాడు, ఏ భాష మాట్లాడేవాడు, తనంత తాను వచ్చాడా, ఎవరైనా అమ్మితే వచ్చాడా అంటే చేతులు చూపించాడు. మనమేమో ఇద్దరు తెలుగువాళ్ళు డాలస్‌లో ఎదురుపడినా ముందు "మీదే ఊరండీ?" అనే అడుగుతాం.

ఆ ఊరి మాటే ఇంకొంచెం చెప్తాను, మీకు రాయాలనిపించిందే దానివల్ల.

మారిషస్‌లో తెలుగువాళ్ళున్నారని మీకు తెలుసు, అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఉంది. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ సంతానం వాళ్ళు. కోరంగి నుంచి వచ్చారని ‘కోరంగీలు’ అనే పేరే పడిపోయింది. ఇప్పుడు ఆ మునిమనవల్లో ఎవరికైనా తన మూలం కావాలంటే మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా పెట్టారు. మనిషి నంబరు, ఓడ పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, కొందరికైతే ఫోటోతో సహా. కూలీలు దిగిన రేవు మెట్లు, అప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో జాబితాకెక్కింది. ఆఫ్రికా పక్కనున్న ఒక చిన్న దీవి మన కూలివాడి ఊరి పేరును ఇన్నేళ్ళు దాచిపెట్టింది. ఆఫ్రికా నుంచి మన దగ్గరికి వచ్చిన మనిషి ఊరి పేరు మనం దాచామా? మన పాత దఫ్తరాల్లో అసలు వెతికామా?

మీరు కళ్ళజోడు పెట్టుకుని ఈ ఉత్తరం చదువుతుంటే పక్కనున్న మీ పీఏ "నిజాం సైన్యం గొడవ, మనకెందుకు సార్" అనొచ్చు. అందుకని అదీ చెప్తాను. ఈ కథ నిజాం దగ్గర మొదలు కాలేదు. వనపర్తి సంస్థానం రాజు పోషించిన ఆఫ్రికన్ దళం 19వ శతాబ్దంలో నిజాం చేతికి వచ్చిందని చెప్తారు. అంటే ఇది పాలమూరు కథ కూడా. ఆ రాజుల భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. ఇక సైన్యం మాటకొస్తే, జీతానికి పనిచేసిన మనుషులు వాళ్ళు. 1948లో పోలీసు చర్య జరిగింది, తర్వాత పల్టన్ రద్దయింది, గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి. గుర్రం ఎక్కడం తప్ప వేరే పని రాని మనిషి ఆ మర్నాడు పొద్దున ఇంట్లో ఏం చేస్తాడో ఆలోచించండి. ఆ పొద్దున గురించి రాజులూ చెప్పరు, ఆ రాజులను దించినవాళ్ళూ చెప్పరు.

పోనీ వీళ్ళు చరిత్రలో మూలన పడాల్సిన మనుషులా అంటే అదీ కాదు. దక్కన్ మొత్తానికీ మాలిక్ అంబర్ ఒక్కడు చాలు. ఇథియోపియాలో పుట్టాడు, చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయాడు, చేతులు మారి మారి అహ్మద్‌నగర్ చేరాడు, ఆ రాజ్యాన్ని నడిపించే పేష్వా అయ్యాడు. 1610లో ఖడ్కీ అనే ఊరు కట్టించాడు, అదే తర్వాత ఔరంగాబాద్ అయింది, ఇప్పుడు మళ్ళీ పేరు మారింది. మొఘలుల సైన్యాన్ని 1626లో చనిపోయేదాకా ముప్పుతిప్పలు పెట్టాడు. జహంగీర్‌కి ఎంత కడుపుమంటంటే, బల్లేనికి గుచ్చిన అంబర్ తలను తాను బాణంతో కొడుతున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. యుద్ధంలో కుదరనిది కుంచెతో కానిచ్చాడన్నమాట. మన పిల్లలకు జహంగీర్ తెలుసు. అంబర్ పేరు పదిమందిని అడిగి చూడండి.

ఇక ఇప్పటి సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ బీసీ-ఈ జాబితా చేశారు. అందులో ‘సిద్ది, యాబా, హబ్షీ, జాసి’ అని స్పష్టంగా ఉంది. ప్రభుత్వ కాగితానికి వీళ్ళు తెలుసు. కానీ కాగితానికి తెలిసింది కౌంటర్ వెనకాల మనిషికి తెలియాలని లేదు. నా దోస్తు కొడుకు ఇంటర్ అయ్యాక సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకెళ్తే, అక్కడి గుమస్తా దరఖాస్తు చూసి "సిద్ది అంటే? సిద్దిపేటనా?" అని అడిగాడట. ఆ పిల్లవాడు ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పాడు. వాళ్ళ నాన్న నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. ఆర్నెల్ల ముందు మేమిద్దరం ఒక పెళ్ళికని వేరే ఊరు వెళ్ళి లాడ్జికి పోయాం. నా ఆధార్ కార్డు తీసుకుని తాళం చెవి చేతిలో పెట్టారు. వాడి ఆధార్‌ని మాత్రం ఆ కుర్రాడు ముందుకు, వెనక్కు తిప్పి, లైటు కింద పెట్టి చూసి, "పాస్‌పోర్ట్, వీసా ఉంటే ఇవ్వండి" అన్నాడు. నా దోస్తు వాడికి అర్థమయ్యే తెలుగులో, "అన్నా, నాకు పాస్‌పోర్టే లేదు, ఈ దేశం దాటి పోలేదు" అన్నాడు. తెలుగు విన్నాక ఆ కుర్రాడికి అనుమానం ఇంకా పెరిగింది. పైన మేనేజర్‌కి ఫోన్ చేశారు. పదిహేను నిమిషాలు వాడు కౌంటర్ దగ్గర బ్యాగు భుజాన వేసుకుని నిలబడ్డాడు. నేను గొడవ పెట్టుకోబోతే వద్దని చేయి పట్టుకుని ఆపాడు, "అలవాటేరా" అన్నాడు. టోలీచౌకీలో ఉండే నైజీరియా, సూడాన్ విద్యార్థులను మనవాళ్ళు చూసే చూపు కూడా ఇలాంటిదే, కాకపోతే వాళ్ళు చదువయ్యాక ఒక ఇంటికి పోతారు. వీడు ఉన్నదే ఇంట్లో.

చూపు సంగతి ఇలా ఉంటే చప్పుడు సంగతి ఇంకోలా ఉంది, అది మాత్రం అందరికీ కావాలి. పాతబస్తీ బరాత్‌లో మర్ఫా అనే డప్పుల మేళం వినే ఉంటారు, మీ ర్యాలీల్లో కూడా పెట్టే ఉంటారు. వాయించేముందు వాళ్ళు పాత పేపర్లు పోగేసి మంట పెట్టి, తోలు బిగుసుకోవడానికి డఫ్‌ని ఆ సెగకు పట్టుకుని వేలితో టక్‌మని కొట్టి చూస్తారు, సరిపోకపోతే మళ్ళీ సెగ. మన డప్పు కాచినట్టే. పక్కన ఒకాయన స్టీలు బిందె బోర్లించి పట్టుకుంటాడు. నేను చిన్నప్పుడు మా ఇంట్లో బిందె అలా కొట్టి అమ్మ చేత తిన్నాను. తీన్మార్ అని మనం గంతులేసే దరువు కూడా ఈ మర్ఫా మూడు దెబ్బల నుంచే వచ్చిందంటారు. పాతబస్తీ వైపు బార్కస్ బస్తీలోని యెమెన్ అరబ్బులూ ఈ సిద్దీలూ కలిసి తయారుచేసుకున్న సంగీతం ఇది, ఎవరి వాటా ఎంతో వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటూనే ఉంటారు, అది వేరే సంగతి. వినాయక నిమజ్జనానికీ మర్ఫా కావాలి, దర్గా సందల్‌కీ కావాలి. మంచిదే. కానీ ఇప్పుడు డీజే బండి వచ్చాక గంటకు ఇంత అని బేరం తగ్గింది, పిల్లలు నేర్చుకోవడం మానేస్తున్నారు, పాత దరువులన్నీ తెలిసిన ముసలాయనలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

వేరే చోట్ల ఇంత అన్యాయంగా లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ సిద్దీలు 2003లో ఎస్టీలయ్యారు, 2020లో శాంతారామ్ సిద్ది అక్కడి విధాన పరిషత్‌లోకి వెళ్ళారు. గుజరాత్ సిద్ది మహిళ హీరాబాయి లోబికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆఫ్రికా వైపు చూస్తే, ఘనా 2019ని ‘తిరిగి రండి’ సంవత్సరమని ప్రకటించి అమెరికా నల్లవాళ్ళను పిలిచింది. బెనిన్ అయితే 2024లో బానిసలుగా పోయినవాళ్ళ సంతానానికి పౌరసత్వమిచ్చే చట్టమే చేసింది, డీఎన్‌ఏ పరీక్షే కాకుండా ధ్రువీకరించిన సాక్ష్యం కూడా రుజువు కిందకు తీసుకుంటుంది. ఇవన్నీ అట్లాంటిక్ దాటి పోయినవాళ్ళను తలచుకుని చేసినవి. హిందూ మహాసముద్రం మీద ఇటు వచ్చినవాళ్ళను పిలిచేవాళ్ళు లేరు, వీళ్ళు పోతామనీ అనడం లేదు. మా వాడిని అడిగితే "పోయి ఏం చేస్తాం, అక్కడ ఇరానీ చాయ్ దొరుకుతుందా" అన్నాడు. వాడికి కావాల్సింది టికెట్ కాదు, ముత్తాత ఊరి పేరు.

కాబట్టి నేను అడిగేవి మీ శాఖకు బరువు కావు. మొదటిది ఆ బోర్డు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో ‘ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్’ అని పూర్తిగా రాసి, కింద నాలుగు వాక్యాలు. రెండోది తార్నాక ఆర్కైవ్స్. నిజాం కాలం కాగితాలు అక్కడ కుప్పలుగా ఉన్నాయి, హబ్సిగూడకు కూతవేటు దూరంలోనే, చూశారా చిత్రం. పర్షియన్, ఉర్దూ చదవగలిగిన ఇద్దరిని ఒక ఏడాది కూర్చోబెట్టి ఈ పల్టన్ జీతాల చిట్టాలు, పింఛను ఫైళ్ళు ఏమున్నాయో వెతికించండి. మనుషుల పేర్లు, తండ్రి పేర్లు, ఎక్కడివాడన్న కాలమ్ ఒక్కటి దొరికినా చాలు. దొరికినవి బస్తీవాళ్ళకు ముందు చూపించండి, తర్వాత పీహెచ్‌డీలకు. మూడోది, ఆ ముసలాయనల దరువులూ మాటలూ మంచి మైకు పెట్టి రికార్డు చేయించి, వాయించినందుకు వాళ్ళకు డబ్బివ్వండి, శాలువా కాదు.

నాలుగోది మ్యూజియం. పబ్లిక్ గార్డెన్స్‌లో మన స్టేట్ మ్యూజియంకి పోతే ఈజిప్టు మమ్మీ గాజుపెట్టెలో ఉంటుంది, 1930 నుంచి ఉంది, స్కూలు పిల్లలు వరసకట్టి చూస్తారు, నేనూ చూశాను, రాత్రి నిద్ర పట్టలేదు. ఈజిప్టు కూడా ఆఫ్రికాయే కదండీ. చనిపోయి రెండు వేల ఏళ్ళు దాటిన ఆఫ్రికా అమ్మాయికి మనం ఒక గదిచ్చాం. నడిచిపోయేంత దూరంలో బతికున్న ఆఫ్రికా సంతానానికి ఒక గోడ ఇవ్వండి. వాళ్ళ ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో పాత ఫోటోలున్నాయి, అడిగితే ఇస్తారు, తిరిగి భద్రంగా ఇస్తామని రాసిస్తే.

ఒక్కటి మాత్రం దయచేసి చేయొద్దు. ‘ఆఫ్రికా ఉత్సవం’ అని పెట్టి, గుజరాత్ సిద్దీల నెమలీకల లంగాలు తెప్పించి వీళ్ళకు కట్టి, శిల్పారామంలో ఎగిరించి ఫోటోలు దిగొద్దు. ఇక్కడివాళ్ళు ఎప్పుడూ అవి కట్టలేదు. వీళ్ళ ఇళ్ళల్లో గోడకున్నది యూనిఫారం వేసుకున్న తాత ఫోటో. ఎస్టీ హోదా కావాలా వద్దా అన్నది కూడా వాళ్ళు తేల్చుకోవాల్సిన మాట, నేను వాళ్ళ తరఫున అడగను. ఈ ఉత్తరం రాసేముందు కూడా మా వాడికి చదివి వినిపించాను. లాడ్జి సంగతి తీసేయమన్నాడు. మర్నాడు ఫోన్ చేసి ఉంచమన్నాడు.

ఐక్యరాజ్యసమితి ఆఫ్రికా మూలాలున్నవాళ్ళ కోసం 2025 నుంచి 2034 వరకు రెండో దశాబ్దం అని ప్రకటించింది, ఫైలు నడపడానికి అలాంటి కారణమేదైనా కావాలంటే అది వాడుకోండి. లేకపోతే ఊరికే ఒక ఆదివారం రండి, కాన్వాయ్ లేకుండా, గల్లీలో రెండు కార్లు పట్టవు. మా వాడి అమ్మ ఉంది. పల్టన్ లైన్లు, గుర్రాల శాలలు ఎక్కడెక్కడ ఉండేవో వాళ్ళ అత్తగారు చెప్పింది చెప్పినట్టు వేలు పెట్టి చూపిస్తుంది. ఆరు లోపే రండి, ఏడు దాటితే పడుకుంటుంది.

ఇట్లు,
మాసాబ్ ట్యాంక్ వాసి ఒకడు