చియాంగ్ మై నుంచి చిన్నికి

చిన్నీ,

మేమిద్దరం క్షేమం. నీకేవో పనులుంటాయిలే అని ఐదు వారాలు చూశాం. రాయడానికి పెద్ద కారణమేమీ లేదు, నా థాయ్ క్లాసుల సంగతి చెబుదామని.

హల్లులు 44. వరస మన క, ఖ లాగే మొదలవుతుంది గానీ మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు, ఎక్కడ విరవాలో మనమే చూసుకోవాలి. మనకి ఒక సుఖం, చాలా మాటలు చుట్టాల్లా తగులుతాయి. టీచర్ని ఆజాన్ అంటారు, మన ఆచార్యుడే. భాష ఫాసా. ఫోను థోరసప్, దూరమూ శబ్దమూ కలిపి. ఇది చెబితే మీ అమ్మ "దూరం ఉంది, శబ్దమే లేదు" అంది. నిన్నేమీ అనలేదులే.

చిక్కంతా స్వరాలతో, అంటే అచ్చులు కాదు, మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు, ఐదున్నాయి. మనకి ఉత్తరం ముక్క వచ్చినా ఇంటి ఓనరమ్మ చేతికే వస్తుంది. పోయిన నెల ఓ సాయంత్రం ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి "మీ ఖావ్ మై ఖ్రప్" అన్నాను, ఏమైనా కబురుందా అండీ అని నా ఉద్దేశం. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి పళ్ళెంలో అన్నం, పైన ఆమ్లెట్ వేసి తెచ్చింది. వద్దంటే బాగుండదని తిన్నాను. మర్నాడూ అడిగాను, మళ్ళీ పళ్ళెం. మూడోరోజు నేను నోరు తెరవకముందే తెచ్చిపెట్టి, మీ అమ్మ వంక అదోలా చూసింది. ఇంట్లో వండటం లేదనుకుంది కాబోలు. ఆజాన్‌కి చెబితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. గొంతు అడుగున పెట్టి ఖావ్ అంటే కబురట, పైనుంచి జారిస్తే అన్నమట. నేను జారుస్తున్నాను. ఇప్పుడు సరిగ్గానే అడుగుతున్నాను. "మై మీ" అంటోంది, లేదని.

బుజ్జి పిన్ని ఏదో అంది, నువ్వు మార్చిలోనే ఉద్యోగం మానేశావని. నేను నమ్మలేదు. రాము పెళ్ళప్పుడు అది ఏం చేసిందో తెలుసుగా. మానేసినా మునిగిందేమీ లేదు, 63 ఏళ్ళకి నేను అక్షరాలు దిద్దడం లేదా? కానీ ఇంకోటి చేతిలో పెట్టుకుని మానాలి. ఆరు నెలల అద్దె పక్కన ఉండాలి. పీఎఫ్ ముట్టుకోకూడదు. ఊరికే మాటవరసకి అంటున్నా. రాత్రిళ్ళు ఆ నూడుల్స్ మానెయ్.

ఇక్కడ మాలాంటి రిటైరైనవాళ్ళం 90 రోజులకోసారి ఫలానా ఇంట్లో ఉన్నామని ఇమ్మిగ్రేషన్‌కి చెప్పుకోవాలి. ఒక్కసారీ తప్పలేదు నేను. నీకే అలాంటి ఆఫీసు లేకపోయింది.

మీ అమ్మకి వచ్చిన థాయ్ ఒకే ఒక్క ముక్క, "కిన్ ఖావ్ రూ యాంగ్", అన్నం తిన్నావా అని. వీళ్ళ పలకరింపు అదే. నీకు రాయమంది, రాశాను.

పిన్ని మాట నిజమైనా చెప్పు, నేను తిట్టను. అమ్మ సంగతి నేను చూసుకుంటా. ఆదివారం మాకు 9.30 అయితే నీకు 8. అప్పుడు చేస్తాను, ఎత్తు.

నాన్న