మొదటి వారానికి సర్దుకో

ఒరేయ్ మామా,

స్టూడెంట్ వీసా వచ్చిందని నువ్వు పెట్టిన మెసేజ్ తెల్లవారుజామున చూశాను. ఆ తర్వాత మళ్లీ నిద్రపడితే ఒట్టు. ఎన్ని నెలలు తిరిగావురా దాని కోసం! అప్లికేషన్లు, ఇంటర్వ్యూ, మధ్యలో ఒకరోజు అర్ధరాత్రి ఫోన్ చేసి "ఇక వదిలేస్తానురా" అన్నావు చూడు, అదంతా గుర్తొచ్చింది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

వెంటనే నువ్వు పంపిన సామాను లిస్టు కూడా చూశాను. లెక్కపెడితే 140 వస్తువులు! అది చూశాకే కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే ఎక్కడో ఒకచోట మాట పక్కదారి పడుతుంది. కాగితం మీద ఉంటే సర్దేటప్పుడు పక్కన పెట్టుకుంటావు. నేనున్న దేశం వేరు, నువ్వు వెళ్లేది వేరు కాబట్టి ఎక్కడికి వెళ్లినా పనికొచ్చేవే రాస్తాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. నువ్వు రెండేళ్లకి సర్దుతున్నావు. అది ఎవరివల్లా కాదు. మొదటి వారానికి సర్దుకో. బ్యాంకు ఖాతా ఉండదు, ఏ దుకాణం ఎక్కడో తెలియదు, గది తాళం ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోవాలి. ఆ ఏడు రోజులూ గడవడానికి ఏమేం కావాలో అవన్నీ నీ భుజానికున్న బ్యాగులో ఉండాలి. పెద్ద పెట్టెలు వస్తే మంచిదే. రాకపోయినా నువ్వు నిలబడగలగాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. దిగిన రోజు సామాను బెల్టు దగ్గర గంటకు పైగా నిలబడ్డాను. అందరి పెట్టెలూ వచ్చేశాయి. చివరికి ఎవరిదో చంటిపిల్లల బండి ఒక్కటే తిరుగుతోంది. కాసేపటికి దాన్నీ తీసుకెళ్లారు, బెల్టు ఆగిపోయింది. నా రెండు సూట్‌కేసులూ విమానం మారిన చోటే ఉండిపోయాయట. కౌంటర్లో ఉన్నామె ఓపికగా ఫారం తీసి రంగేంటి, సైజెంత, లోపల ఏమేం ఉన్నాయి అని అడిగింది. రంగు చెప్పాను. లోపల ఏమున్నాయంటే నోరు పెగల్లేదు. సర్దింది అమ్మ కదా.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ ఒక్కో సూట్‌కేసు మూత లోపల ఒక రూళ్ల కాగితం అతికించింది, అందులో ఏం పెట్టిందో వరుసగా రాసి. మూత వేసే ముందు ఊరికే దాన్ని ఫోటో తీశాను. ఆ ఫోటో తెరిచి ఒక్కొక్కటీ చదివాను. నీలం దుప్పటి. తెల్ల తువ్వాళ్లు రెండు. స్వెటర్, పాతది. సూది దారం, కుడివైపు జేబులో. అమ్మ చేతిరాత చూస్తూ కౌంటర్లో ఉన్నామెకు ఇంగ్లీషులో చెబుతుంటే "పాతది" దగ్గర గొంతు పూడుకుపోయింది. ఆమె పెన్ను ఆపి, మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

సూట్‌కేసులు నాలుగో రోజున వచ్చాయి. మొదటి రాత్రి గదిలో మంచం, దాని మీద ఒట్టి పరుపు, అంతే. బ్యాగు తలకింద పెట్టుకుని, జాకెట్ కప్పుకుని పడుకున్నాను. కాళ్లకి కప్పితే భుజాలకి చాలదు, భుజాలకి లాగితే కాళ్లు బయట. అందుకే చెబుతున్నాను, ఒక పల్చటి దుప్పటి, ఒక తువ్వాలు, రెండు జతల బట్టలు, బ్రష్షు చేతి బ్యాగులోనే ఉండాలి.

నీకు అలా జరగకూడదనే కోరుకుంటాను. జరిగితే మాత్రం విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి, దాని నంబరు తీసుకో. పీఐఆర్ (ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్) అంటారు ఆ రిపోర్టుని. అది ఉంది కదా అని వదిలేయకు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె పగిలి వస్తే అది చేతికొచ్చిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లోగా విమాన సంస్థకి రాతపూర్వకంగా చెప్పాలి. ఆ మధ్యలో తప్పనిసరై కొన్నవాటి బిల్లులు దాచుకో. నేను దాచాను కాబట్టే ఆ డబ్బు తిరిగొచ్చింది.

ఇక కాగితాలు. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లెటర్, ఫీజు కట్టిన రసీదు, డబ్బు చూపించిన పత్రాలు, సర్టిఫికెట్ల ఒరిజినల్స్, ఇన్సూరెన్స్, ఉండబోయే చోటి అడ్రసు, అన్నీ ఒకే ఫోల్డర్‌లో, ఆ ఫోల్డర్ చేతి బ్యాగులో. ఇమిగ్రేషన్ అధికారి ముందు "అది చెక్-ఇన్ బ్యాగులో ఉంది" అనే పరిస్థితి రాకూడదు. ఆ బ్యాగు అతన్ని దాటాకే కదా చేతికొచ్చేది! అడ్రసూ యూనివర్సిటీ ఫోన్ నంబరూ కాగితం మీద చేత్తో రాసి పెట్టుకో, ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు దాని మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూడు. మధ్యలో దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలా అన్నది కూడా. ఎంత ముందు దిగొచ్చన్నదీ చూసుకునే టికెట్ కొను, ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. అమెరికాకి ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లని కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు రానివ్వరు.

ఫోటోలు కూడా కొన్ని ఉంచుకో. చాలా దేశాల్లో 35 బై 45 మిల్లీమీటర్లవి అడుగుతారు, అమెరికాలో రెండంగుళాల చదరం.

మందుల విషయంలో నువ్వు అశ్రద్ధ చేస్తావని నాకు తెలుసు, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. నీ ఆస్తమా మందులు వాటి సొంత డబ్బాల్లోనే ఉంచు, విడి మాత్రలుగా కవర్లో వేయకు. డాక్టరు చీటీ మీద బ్రాండ్ పేరే కాదు, మందు అసలు పేరు కూడా రాయించుకో. బ్రాండ్లు దేశం మారితే మారిపోతాయి, అసలు పేరు ఉంటే ఏ డాక్టరుకైనా అర్థమవుతుంది. మామూలు జలుబు మాత్ర కూడా ఒక్కోచోట ఇబ్బంది పెడుతుంది. జలుబు మందుల్లో వాడే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన మందుల్ని జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. నువ్వు వెళ్లే దేశపు కస్టమ్స్ వెబ్‌సైట్లో నీ మందుల పేర్లు ఒకసారి చూసుకో. కళ్లజోడు ఇంకోటి చేయించు. పంటి డాక్టరు దగ్గరికి బయల్దేరేలోపే వెళ్లు, విద్యార్థుల ఇన్సూరెన్స్ చాలావాటిలో పళ్లకి వర్తించదు. టీకాల రికార్డు కూడా అడిగే యూనివర్సిటీలు ఉన్నాయి, పాత కార్డు దొరక్కపోతే ఆ వెతుకులాటకే వారం పడుతుంది.

పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే. చెక్-ఇన్‌లో పెడితే ఒప్పుకోరు, లిథియం బ్యాటరీకి కింద అరలో నిప్పంటుకుంటే ఆర్పేవాళ్లు ఉండరు. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) వరకు అనుమతి అడగక్కర్లేదు. నీ 20,000 ఎంఏహెచ్‌ది దాని 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు, కాబట్టి ఆ టెన్షన్ లేదు. అయినా నీ విమాన సంస్థ రూల్సు చూసుకో, విమానంలో వాడకంపై కొన్ని సంస్థలు ఇంకా కఠినంగా ఉంటున్నాయి.

నీ లిస్టులో ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయ్యర్ కనిపించాయి. రెండూ కొట్టెయ్. లాప్‌టాప్ చార్జర్ తిరగేసి చూడు, చిన్న అక్షరాల్లో 100-240 వోల్టులు అని ఉంటుంది. అది ఎక్కడైనా పనిచేస్తుంది, ప్లగ్గు ఆకారం మారితే అడాప్టర్ ఒకటి చాలు. కానీ వేడెక్కే వస్తువులు సాధారణంగా ఒకే వోల్టేజీకి చేస్తారు. 230 వోల్టుల ఇస్త్రీ పెట్టెని అమెరికాలోని 120 వోల్టుల మీద పెడితే నాలుగో వంతు వేడి వస్తుంది. అక్కడిది మన ఇంటి దగ్గర పెడితే కాలిపోతుంది. అడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, కరెంటుని కాదు. ఇది చాలామంది పొరబడే చోటు.

తూకం మాటకొస్తే, చాలా టికెట్ల మీద ఒక్కో పెట్టెకి 23 కిలోలు అని ఉంటుంది. నువ్వు 22 దగ్గర ఆగిపో, ఇంటి కాటాకీ అక్కడి కాటాకీ తేడా ఉంటుంది. ఎక్కువకి డబ్బు కడతానన్నా సాధారణంగా ఒక పెట్టె 32 కిలోలు దాటకూడదు, మోసేవాళ్ల నడుములు పాడవుతాయని. వేర్వేరు టికెట్లు కలిపి కొంటే తక్కువ అనుమతించే విమానాన్ని బట్టే లెక్కేసుకో. పుస్తకాలు వద్దు. ఒకటి, నీకు బాగా ఇష్టమైనది పెట్టుకో. చలికోటు కూడా అక్కడే కొనుక్కో. ఆ ఊరి చలికి ఏది ఆగుతుందో ఆ ఊళ్లోవాళ్లకే తెలుసు. దిగిన రోజుకి సరిపడా స్వెటర్ ఒంటిమీదే ఉంచుకో, అంత బరువు పెట్టెలో తగ్గుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది బరువు కాదు, ఫోన్ నంబరు. ఇంటి దగ్గరి సిమ్ తీసి పక్కన పెట్టి కొత్తది వేసుకున్నాను. మర్నాడు గదికి అడ్వాన్సు కట్టాలి. బ్యాంకు ఓటీపీ పంపింది, పాత నంబరుకి. ఆ సిమ్ తిరిగి వేస్తే సిగ్నల్ లేదు, రోమింగ్ ఆన్ చేయలేదు. ఇంటివాళ్లు నిద్రలో ఉన్నారు. యజమాని మంచివాడు కాబట్టి రెండు రోజులు ఆగాడు. నువ్వు బయల్దేరకముందే రోమింగ్ ఆన్ చేయించు, కనీసం మెసేజ్‌లు వచ్చేలా. ఆ నంబరు రీచార్జ్ ఆగిపోకుండా చూసే పని ఇంట్లో ఒకరికి అప్పగించు. ఫోన్లో ఈ-సిమ్ పడుతుందేమో చూడు, పడితే రెండు నంబర్లూ ఒకే ఫోన్లో ఉంటాయి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు ఉంచుకో, రెండూ ఒకే పర్సులో పెట్టకు.

అడ్వాన్సు అంటే గుర్తొచ్చింది. గది చూడకుండా, అగ్రిమెంటు చదవకుండా, ఫోటోలు బాగున్నాయని డబ్బు పంపకు. మొదటి పదిరోజులకి ఎక్కడైనా తాత్కాలికంగా బుక్ చేసుకుని, కళ్లతో చూశాక ఖాయం చేసుకో. ఖర్చు కొంచెం ఎక్కువైనా పర్వాలేదు.

ఇంకొకటి, రాయాలా వద్దా అనుకున్నాను. సర్దే పని ఆంటీని చేయనివ్వు. "నేను చూసుకుంటాలే" అనకు. నువ్వు 140 వస్తువుల్లో 60 కొట్టేస్తే ఆమె మళ్లీ ఓ పది పెడుతుంది, వాటికి చోటు ఉంచు. పక్కనే కూర్చుని ఏది ఎక్కడ పెడుతోందో చూడు, కాగితం మీద ఆమె చేతే రాయించు. బయల్దేరే ముందు అమ్మతో కబుర్లు చెప్పుకోవడానికి నాకు నాలుగు రోజులు దొరికాయి, నేను వాటిని షాపింగ్‌లో గడిపేశాను. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

ఆ రూళ్ల కాగితం నా దగ్గరే ఉంది. సూట్‌కేసు మూత నుంచి తీయలేదు, జిగురు ఎండి ఒక మూల లేచింది. మొన్న దుప్పట్లు మార్చడానికి తెరిచినప్పుడు ఆ మూల వేలితో నొక్కి మళ్లీ అతికించాను.

ఆదివారం నాకు సెలవు. చేతి బ్యాగు ఒక్కటి సర్ది, మంచం మీద అంతా బయటికి పరిచి, వీడియో కాల్ చెయ్. ఒక్కొక్కటీ కలిసి చూద్దాం. అప్పటిదాకా పెద్ద సూట్‌కేసులు తెరవకు.

ఆంటీకి, అంకుల్‌కి నా నమస్కారాలు చెప్పు.

ఎప్పటికీ నీ,
మామ