డ్రిల్ పీరియడ్ ఆ పిల్లలది కూడా

సంపాదకులకు నమస్కారం.

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ అందించే భవిత కేంద్రాలకు కొత్త పరికరాలు వచ్చాయనీ, సర్కారు బడుల్లో ఆటపాటలకు ప్రాధాన్యం పెరుగుతోందనీ మీ పత్రిక జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాను. రెండూ సంతోషించదగ్గ వార్తలే. అయితే ఈ రెండు కార్యక్రమాలూ ఒకే పిల్లవాడికి అవసరం కావచ్చునన్న సంగతి బడిలో టైంటేబుల్ వేసేటప్పుడు ఎవరికీ గుర్తుండటం లేదని, వ్యాయామోపాధ్యాయుడిగా ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా చెప్పదలచుకున్నాను.

నేను పనిచేసిన బడుల్లో ప్రత్యేక అవసరాలు గల పిల్లలను భవిత గదికి పంపేది ఎక్కువగా డ్రిల్ పీరియడ్‌లోనే. లెక్కల పీరియడ్‌లో పంపితే పాఠం పోతుంది, ఇంగ్లిషు పీరియడ్‌లో పంపితే ఆ మాస్టారు ఊరుకోరు, డ్రిల్ పోతే మాత్రం అడిగే నాథుడు లేడు. (పదో తరగతికి డ్రిల్ పీరియడ్ అసలు ఉంటుందా అన్నది వేరే కథ, సంక్రాంతి దాటితే అది లెక్కల మాస్టారి ఖాతాలోకి వెళ్లిపోతుంది.) ఫలితంగా తోటి పిల్లలతో కలవడం ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో, ఆ పిల్లలే రోజులో అందరూ కలిసే ఆ ఒక్క గంటా నాలుగు గోడల మధ్య ఉండిపోతున్నారు. ఈ తప్పు నేనూ చేశాను. హాజరు పుస్తకంలో వారి పేర్లకు ఎదురుగా ‘మినహాయింపు’ అని రాసి, అదేదో దయ చూపినట్టు భావించేవాణ్ని.

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు మా బడిలో వినికిడి లోపమున్న ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. పరుగులో ఎప్పుడూ చివరనే వచ్చేది. పిల్ల నెమ్మది అని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఒకరోజు భవిత కేంద్రం టీచరమ్మ మైదానం పక్కన కాసేపు నిలబడి చూసి, ‘మాస్టారూ, మీ విజిల్ ఆ పిల్లకు వినపడదు కదండీ, పక్కవాళ్లు కదిలాక చూసి కదులుతోంది’ అన్నారు. మరునాడు విజిల్‌తో పాటు ఎర్ర చేతిరుమాలు ఎత్తి దించాను. ఆ అమ్మాయి రెండో స్థానంలో వచ్చింది. అన్నేళ్ల సర్వీసులో నాకు తట్టనిది ఆవిడకు పది నిమిషాల్లో తట్టింది. మా ఇద్దరి గదుల మధ్య యాభై అడుగుల దూరం కూడా లేదు, కానీ అంతకుముందు పిల్లల గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు.

చట్టంలో లోటేమీ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులు పొందే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఈ పిల్లలకు చదువుతో పాటు ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో కూడా ఇతరులతో సమానంగా అవకాశం కల్పించాలి. ప్రత్యేక ఉపాధ్యాయుల విషయంలో ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. మండలమంతటికీ ఈ పిల్లలకు బోధించే సహిత విద్య ఉపాధ్యాయులు ఒకరో ఇద్దరో ఉండి, వారే కేంద్రం నడుపుతూ, బడులు తిరుగుతూ, కదలలేని పిల్లల ఇళ్లకు కూడా వెళ్లాల్సిన పరిస్థితిలో ఆ నిష్పత్తి ఎక్కడ కుదురుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

పోస్టుల భర్తీ పెద్ద విషయం, దానికి సమయం పడుతుందని ఒప్పుకుంటాను. కానీ టైంటేబుల్ మార్చడానికి జీవో అక్కర్లేదు. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ఏటా క్రీడా సామగ్రికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు గ్రాంటు ఉంది. ఆ డబ్బుతో వాలీబాళ్లు, స్కిప్పింగ్ తాళ్లు కొనడమే నేను చూశాను. చూపులేని పిల్లలు ఆడుకునే గలగలలాడే బంతి ఆ జాబితాలో ఒక్కసారీ కనపడలేదు. చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లవాడు గీసిన గడిలోకి విసరడానికి ఇసుక నింపిన గుడ్డ సంచులు చాలు, వాటిని బడి దగ్గరి దర్జీయే కుట్టి ఇస్తాడు.

డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, ఈ పిల్లలకు కూడా ఆటలు పెడుతున్నాం కదా అని అధికారులు అనవచ్చు. పెడుతున్నారు. ఆ రోజు షామియానా వేసి, కుర్చీలాట ఆడించి, స్టీలు డబ్బాలు పంచి, ఫొటో తీయిస్తారు. మరునాడు డ్రిల్ గంట కొట్టగానే అదే పిల్లలు మళ్లీ ఆ గదికే వెళతారు.

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు మనమందరం గర్వపడ్డాం. నేను పతకాల కోసం ఈ లేఖ రాయడం లేదు. పదిమందిలో ఎనిమిదో స్థానంలో వచ్చే పిల్లకు కూడా పరుగెత్తే హక్కు ఉంటుంది కదా.

కాబట్టి మండల విద్యాశాఖాధికారులకు నా విన్నపం ఇది. జూన్‌లో టైంటేబుల్ ఖరారు చేసేటప్పుడు డ్రిల్, చిత్రలేఖనం పీరియడ్లలో ఏ పిల్లవాడినీ భవిత గదికి పంపకుండా చూడాలి. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున ఆయనను ఒక గంట మైదానానికి తీసుకువచ్చి, ఏ పిల్లవాడు ఏ ఆట ఆడవచ్చో, ఏది ఆడకూడదో వ్యాయామోపాధ్యాయుడికి రాతపూర్వకంగా ఇప్పించాలి. ఆ కాగితం లేక, పిల్లవాడికి ఏదైనా అయితే తమ మీదికి వస్తుందన్న భయంతోనే మావాళ్లు చాలామంది ‘మినహాయింపు’ అని రాస్తున్నారు. పిల్లలను తీసుకొచ్చే తల్లులకు ఇచ్చే రవాణా, ఎస్కార్ట్ (తోడు వచ్చినందుకు ఇచ్చే) భత్యాలను ఏడాది చివర ఒకేసారి కాకుండా నెలనెలా జమ చేయాలి. కూలి మానుకుని వచ్చే తల్లి మార్చిలో వచ్చే డబ్బును నమ్ముకుని జులైలో ఆటో ఎక్కలేదు.

— విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా